అల్బినీ "ప్రొడ్యూసర్" అన్న మాటే వద్దనేవారు, మరి ఆయన రికార్డింగ్ వినగానే ఎలా తెలిసిపోతుంది?

నాలుగోట్రాక్:
అమెరికన్ రికార్డింగ్ ఇంజనీర్, గిటారిస్ట్ స్టీవ్ అల్బినీ 2024 మే 7న చికాగోలో గుండెపోటుతో పోయారు. వార్త చూసినప్పుడు ఒక డెమో మిక్స్ చేస్తున్నాను, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాను. 61 ఏళ్లే. ఆయన బ్యాండ్ షెలాక్ పదేళ్ల తర్వాత చేసిన ఆల్బమ్ ఇంకో పది రోజుల్లో విడుదల. మే 17న అది అనుకున్నట్టే వచ్చింది. అప్పటి నుంచి రోజూ వింటున్నాను. అందులో గిటార్ వాయిస్తున్న మనిషి ఇప్పుడు లేడంటే మనసు ఒప్పుకోవడం లేదు.

నా ప్రశ్న ఇది. అందరూ ఆయన్ని గొప్ప ప్రొడ్యూసర్, అంటే ఆల్బమ్ ఎలా వినిపించాలో తీర్చిదిద్దే మనిషి అని రాస్తున్నారు. ఆయనేమో ఆ మాటే వద్దనేవారు. కవర్ మీద పేరు వేయాల్సి వస్తే "రికార్డ్ చేసింది" అని వేస్తే చాలు, వేయకపోయినా ఫర్వాలేదు అనేవారు. పాట ఎలా ఉండాలో బ్యాండే చూసుకోవాలి, నా పని దాన్ని పట్టుకోవడమే అనే మనిషి ఆయన. అలాంటప్పుడు ఆయన చేసిన రికార్డులు పది సెకన్లలో ఎలా గుర్తుపడుతున్నాం? నేను రికార్డింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లే అయింది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఫ్లోర్‌టామ్:
నేను డ్రమ్మర్‌ని, నా వైపు నుంచి చెప్తాను. ఆయన రికార్డుల్లో డ్రమ్స్ ఒక గదిలో మోగుతున్నట్టు ఉంటాయి. కిక్ డ్రమ్‌కి, అంటే కాలితో వాయించే పెద్ద డ్రమ్‌కి, ముందొకటి, వెనకొకటి మైకులు పెట్టేవారు, దాన్ని కొట్టే బీటర్ తగిలిన చప్పుడు కూడా పడాలని. అన్నిటికంటే ముఖ్యం, మంచి డ్రమ్మర్, సరిగ్గా ట్యూన్ చేసిన డ్రమ్స్. ఇవి లేకపోతే ఏ మైకూ కాపాడదు. పిక్సీస్ బ్యాండ్ కోసం ఆయన రికార్డ్ చేసిన, 1988లో వచ్చిన ఆల్బమ్ వినండి, అర్థమవుతుంది.

లైవ్‌రూమ్:
తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు సగం గదిలో ఉంది, సగం డబ్బులో ఉంది. నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు. రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మనిషిని ఎప్పుడూ కలవలేదు. ఆయన రాసినవి చదివాను, ఇంటర్వ్యూలు విన్నాను, అంతే.

ముందు గది. డ్రమ్స్‌కి దూరంగా రెండు మైకుల్ని నేల మీదే పెట్టేవారు. మైకు స్టాండ్ మీద ఉంటే డ్రమ్ శబ్దం నేరుగా ఒకసారి, నేలకి తగిలి ఒకసారి, కొంచెం తేడాతో వస్తుంది. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి తినేస్తాయి. మైకు నేలకి ఆనుకుని ఉంటే ఆ తేడా దాదాపు ఉండదు. తర్వాత ఆ గది మైకుల్ని 10, 20 మిల్లీసెకన్లు వెనక్కి జరిపేవారు, అంటే వాటి శబ్దం అంత ఆలస్యంగా వినిపించేలా చేసేవారు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 20 మిల్లీసెకన్లంటే దాదాపు ఏడు మీటర్లు. అంటే మైకులు డ్రమ్స్ నుంచి అంత దూరం జరిగినట్టు, గది పెద్దదైనట్టు చెవికి అనిపిస్తుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు రెండు మైకుల్ని గాఫర్ టేప్‌తో నేలకి అంటించి, మోకాళ్ల మీద కూర్చుని కేబుల్ సర్దుతున్నాను. డ్రమ్మర్ ఊరికే స్నేర్ మీద, అంటే కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ మీద, ఒక్క దెబ్బ కొట్టాడు. చెక్క నేల గుండా అది నా అరచేతికి తగిలింది. అప్పటిదాకా ఆరేళ్లుగా స్నేర్ దెబ్బల్ని శాంపిల్‌తో, అంటే ముందే రికార్డ్ చేసి పెట్టుకున్న దెబ్బతో, మార్చేస్తూ వచ్చాను. ఆ రోజు మార్చలేదు. ఆ కుర్రాడి చేతి బరువు ఎలా ఉందో అలాగే వదిలేశాను. అల్బినీ రికార్డింగ్‌లో నువ్వు గుర్తుపట్టేది ఇదే అనుకుంటాను, వాయించినవాళ్లని ఎవరూ సరిదిద్దలేదన్న సంగతి.

ఇక డబ్బు. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలోని కానన్ ఫాల్స్‌లో నిర్వాణ బ్యాండ్ కోసం "ఇన్ యుటెరో" ఆల్బమ్ రికార్డ్ చేశారు. దాదాపు రెండు వారాల పని. అంతకు ముందే బ్యాండ్‌కి ఒక ఉత్తరం రాశారు. ప్లంబర్‌కి ఇచ్చినట్టు నా పనికి తగ్గ కూలి ఇవ్వండి, రాయల్టీ మాత్రం వద్దు అని. లక్ష డాలర్లు ఒకేసారి తీసుకున్నారు. ఆ రోజుల్లో పేరున్న ప్రొడ్యూసర్లు అమ్మకాల్లో వాటా తీసుకోవడం మామూలే. లక్షల కాపీలు అమ్ముడుపోతాయని తెలిసి కూడా వద్దన్నారు. పాట రాసింది వాళ్లు, వాయించింది వాళ్లు, అమ్మిన ప్రతి కాపీ మీదా నాకు వాటా ఏమిటి అన్నది ఆయన లెక్క.

అదే ఏడాది ఒక వ్యాసంలో బ్యాండ్‌కి రికార్డు కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ చివరికి ఎటు పోతుందో వరసగా లెక్క కట్టి చూపించారు. రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్స్ తీసుకున్న ఊహా బ్యాండ్ అది. చివర్లో కంపెనీకి 7,10,000 డాలర్లు, బ్యాండ్‌లో ఒక్కొక్కరికి 4,031 డాలర్ల 25 సెంట్లు. ఆ 25 సెంట్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంతకు ముందే ఒక ఆల్బమ్‌కి నేను ఫీజు వదులుకుని వాటా ఒప్పుకున్నాను. ఏమీ రాలేదు. ఆ సింగర్‌కీ ఏమీ రాలేదు. ఇద్దరం ఒకరినొకరు అనుమానించుకుని ఏడాది పాటు మాట్లాడుకోలేదు. అప్పటి నుంచి నేను రోజుకి ఇంత అని ముందే చెప్తున్నాను, అంతే తీసుకుంటున్నాను. సింగర్లతో స్నేహాలు నిలబడుతున్నాయి. దానికి ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

బేస్‌లైన్:
అక్కా, ఒప్పుకుంటాను, కానీ ఒక మాట. కుర్రతనంలో ఆయన రాసిన పాటలు, అన్న మాటలు కొన్ని చాలామందిని బాధపెట్టాయి. పోయిన మనిషి అని దాన్ని దాచేస్తే బాగుండదు.

లైవ్‌రూమ్:
దాచకూడదు. ఆయనే దాచలేదు. 2021లో తన తప్పులకి తనే బాధ్యుణ్ణని అందరి ముందూ రాశారు. సాకులు చెప్పుకోలేదు. యాభై తొమ్మిదేళ్ల వయసులో, అంత పేరున్నాక, అలా రాయడం తేలిక కాదు. ఇంకోటి కూడా తెలుసుకో. చికాగోలో పేద కుటుంబాలు క్రిస్మస్‌కి శాంటా పేరు మీద పోస్టాఫీసుకి ఉత్తరాలు రాస్తాయి. ఆయన, ఆయన భార్య కలిసి ఏళ్ల తరబడి ఆ ఉత్తరాలు తీసుకుని, డబ్బు పోగుచేసి, అడిగినవి ఇళ్లకి చేర్చారు. నాకు ఈ రెండూ ఒకే మనిషివిగా కనిపిస్తాయి.

నాలుగోట్రాక్:
అక్కా, మీరు చెప్పింది చదివి నిన్న రాత్రి ప్రయత్నించాను. రెండు మైకులు నేలకి అంటించాను, 20 మిల్లీసెకన్లు వెనక్కి జరిపాను. కిక్ బ్రహ్మాండంగా వచ్చింది. స్నేర్ మాత్రం రెండుసార్లు కొట్టినట్టు వినిపిస్తోంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

లైవ్‌రూమ్:
తప్పేమీ చేయలేదు. మీ గది చిన్నదై ఉంటుంది, పాట కూడా స్పీడు పాట అయ్యుంటుంది. ముందు గది మైకుల వాల్యూమ్ బాగా తగ్గించు. తర్వాత 10 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మిల్లీసెకను పెంచుకుంటూ కళ్లు మూసుకుని విను. స్నేర్ రెండుగా విడిపోయే చోటుకి కొంచెం ముందు ఆపేయి. డ్రమ్మర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకో, తన స్నేర్ ఎలా మోగుతుందో నీకంటే అతనికే బాగా తెలుసు. అయ్యాక ఆ ఫైల్ ఇక్కడ పెట్టు, నేనూ వింటాను.