కరెంటు పోయినప్పుడు ఆల్ట్+ఎఫ్4 కొట్టమని కొత్తవాళ్ళకి నేర్పొచ్చా?

మూడులాంతర్ల డీటీపీ (విజయనగరం):
మాది మూడు లాంతర్ల దగ్గర చిన్న డీటీపీ షాపు. రెండు సిస్టములు, ఒక పాత యూపీఎస్. కరెంటు పోయి అది అరవడం మొదలెట్టాక ఆరు నిమిషాలే సిస్టములని నడుపుతుంది, అంతే. సిరిమాను పండక్కి ముందు వారం, పని నెత్తి మీద ఉంది. పేజ్‌మేకర్‌లో రెండు కరపత్రాలు, ఒక శుభలేఖ, కోరల్‌డ్రాలో ఫ్లెక్సీ, ఎక్సెల్‌లో బాకీల లెక్క, పక్కన క్రోమ్. కరెంటు పోయింది.

కొత్తగా చేరిన అమ్మాయికి ఆల్ట్+ఎఫ్4 నేనే నేర్పాను, కొడితే ముందున్న ప్రోగ్రామ్ మూసుకుంటుంది. వరసగా కొట్టుకుంటూ పోయింది. సేవ్ చేయాలా అని బాక్సు మీద బాక్సు వస్తుంటే కంగారులో అన్నిటికీ ‘ఎన్’, అంటే వద్దు, నొక్కేసింది. శుభలేఖలో పెళ్ళివారు మూడోసారి దిద్దించిన ముహూర్తం, మేనమామల పేర్లు అన్నీ పోయాయి. రాత్రి పదకొండింటి దాకా మళ్ళీ కూర్చున్నాం. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తప్పు నాదే, సగం పాఠం చెప్పి వదిలేశాను. మా పార్ట్‌నర్ మాత్రం షార్ట్‌కట్లు అసలు నేర్పకూడదు, మౌస్‌తో ఒక్కోటీ మూయించాలి అంటున్నాడు. మీరేమంటారు?

టెక్కలి మాస్టారు:
మీ పార్ట్‌నర్ మాటే నాదీ. హైస్కూల్లో కంప్యూటర్ చెప్తాను. ఆల్ట్+ఎఫ్4 చూపించిన రోజు ల్యాబ్‌లో పిల్లలు పక్కవాడి బొమ్మ కూడా మూసేశారు. మౌస్ మూసే గుర్తు మీదకి వెళ్ళేలోపు ఏ ఫైలు మూస్తున్నామో కంటపడుతుంది. కీబోర్డు మీద ఆ వ్యవధి ఉండదు. ముందు చూడడం అలవాటవ్వాలి.

నాగావళి నెట్ (శ్రీకాకుళం):
మాస్టారూ, యూపీఎస్ అరుస్తుంటే చూసుకుంటూ కూర్చోడానికి టైమేదండీ. నేనైతే కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, ఒక్కోదానికీ ఎండ్ టాస్క్. అర నిమిషంలో ఖాళీ.

ఉద్దానం డిజైన్స్ (పలాస వైపు):
అన్నా, ఆ మాట కొత్తవాళ్ళ ముందు అనకండి. ఆల్ట్+ఎఫ్4 కనీసం అడుగుతుంది, సేవ్ చెయ్యనా అని. ఎండ్ టాస్క్ ఆ మాటే అడగకుండా ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. బిగుసుకుపోయిన సాఫ్ట్‌వేర్‌కి తప్ప అది వాడకూడదు.

మాస్టారికి ఒక మాట. ఆల్ట్+ఎఫ్4 పిల్లలాటకి పుట్టింది కాదండి. 1987లో ఐబీఎం పెట్టిన కామన్ యూజర్ యాక్సెస్ నియమాల్లోంచి వచ్చింది. మౌస్ లేకపోయినా పనంతా కీబోర్డుతో జరగాలని వాటి ఉద్దేశం. మా ఊళ్ళో 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు రావడానికి రోజులు పట్టింది. జనరేటర్ మీద పని చేసినన్నాళ్ళూ నన్ను కాపాడింది కీబోర్డే. అందుకే నేర్పాలంటాను, కానీ వరస ఉండాలి.

అసలు ఇబ్బంది ఎక్కడంటే: పేజ్‌మేకర్‌లో మూడు ఫైళ్ళూ ఒకే ప్రోగ్రామ్ లోపల ఉంటాయి. ఆల్ట్+ఎఫ్4 మొత్తం ప్రోగ్రామ్‌ని మూస్తుంది, అందుకే బాక్సులు వరసగా మీద పడ్డాయి. ఒక్క ఫైలు మూయాలంటే కంట్రోల్+ఎఫ్4. ఇంకోటి, మినిమైజ్ చేసి కింద పెట్టినవి తమంతట తాము ముందుకి రావు. కనిపించేవి అయిపోగానే డెస్క్‌టాప్ మిగులుతుంది. అక్కడ ఇంకోసారి ఆల్ట్+ఎఫ్4 కొడితే షట్‌డౌన్ బాక్స్ వస్తుంది. కింద ఎక్సెల్ తెరిచే ఉంటుంది, మనం అంతా అయిపోయిందనుకుంటాం.

దానికి మందు కంట్రోల్+ఆల్ట్+ట్యాబ్. తెరిచిన కిటికీలన్నిటి లిస్టు వస్తుంది, చెయ్యి తీసినా స్క్రీన్ మీదే నిలబడుతుంది. బాణం గుర్తులతో ఒక్కో కిటికీ మీదకి వెళ్ళి డిలీట్ నొక్కితే అదొక్కటే మూసుకుంటుంది. విండోస్ 10, 11 రెంటిలోనూ పనిచేస్తుంది. మాస్టారూ, మీరు కోరిన ‘చూడడం’ ఇందులో ఉంది.

టెక్కలి మాస్టారు:
ఇది నాకు తెలీదు బాబూ. ఇప్పుడే చేసి చూశాను. నా ల్యాప్‌టాప్‌లో ఎఫ్4 కొడితే సౌండ్ మారుతోంది గానీ కిటికీ మూయలేదు. ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాల్సి వచ్చింది. అయినా ఒక మాట మీద నిలబడతాను. సేవ్ బాక్స్ రాగానే ఏం నొక్కాలో నేర్పకుండా మూసే కీ చెప్పకూడదు.

నాగావళి నెట్:
ఎండ్ టాస్క్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా దగ్గర కస్టమర్లకి బ్రౌజర్ తప్ప ఏమీ ఉండదు, ఆ అలవాటుతో అనేశాను. ఒక డౌటు: అసలు మూయడమెందుకు? హైబర్నేట్ పెట్టొచ్చు కదా.

ఉద్దానం డిజైన్స్:
పెట్టొచ్చు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్‌కి హైబర్నేట్ తగిలిస్తే ఒక్క నొక్కుతో మెమరీలో ఉన్నదంతా డిస్కులోకి రాసుకుని ఆగిపోతుంది. కరెంటొచ్చాక అన్నీ ఎక్కడివక్కడే. కానీ పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా తెరిచిన ఫైలుంటే జాగ్రత్త, సిస్టమ్ ఆగాక కస్టమర్ దాన్ని పీక్కెళ్తే మళ్ళీ తలనొప్పి. పాత హార్డ్‌డిస్కు మీద నిదానం కూడా.

మూడులాంతర్ల డీటీపీ:
అందరికీ నమస్కారం. మంగళవారం మధ్యాహ్నం, ఎడిటింగ్ సగంలో ఉండగా కావాలని మెయిన్ స్విచ్ ఆపి ఆ అమ్మాయిచేత చేయించాను. ఇప్పుడు మా వరస ఇది: ముందు తెరిచిన ప్రతి ఫైలులో కంట్రోల్+ఎస్ కొట్టి సేవ్. తర్వాత కంట్రోల్+ఆల్ట్+ట్యాబ్, డిలీట్. బాక్స్ వస్తే ఎంటర్, అంటే సేవ్. ఏ ఫైలో తెలీకపోతే ఎస్కేప్, మూయకుండా వెనక్కి. ‘ఎన్’ జోలికి వెళ్ళొద్దన్నాను. మొదటిసారి నాలుగు నిమిషాలు, మూడోసారికి రెండు. ఒక్క ఫైలూ పోలేదు.

పార్ట్‌నర్ ఇంకా మౌస్ పట్టుకునే ఉన్నాడు, ఆయన సిస్టమ్ బటన్‌కి హైబర్నేట్ పెట్టేశాను. ఆ శుభలేఖ వాళ్ళు కార్డులు పట్టుకెళ్ళారు, ముహూర్తం మళ్ళీ రెండుసార్లు చదివించి మరీ ఇచ్చాం.