పికప్ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాల భాగం) లీకు: హెడర్లు వేయించొచ్చా?

ప్రశ్న (చీమకుర్తి): టర్బో డీజిల్ పికప్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మంటోంది, వేడెక్కాక తగ్గుతోంది. మూడో సిలిండర్ దగ్గర మసి. ఒంగోల్లో మ్యానిఫోల్డ్ బదులు స్టీల్ హెడర్లు (విడివిడి పైపులు) వేసుకోమంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దన్నా. టర్బో బరువు ఆ పోత ఇనుము మ్యానిఫోల్డే మోస్తుంది. పల్చటి పైపులైతే లోడు బండి అదురుకి వెల్డింగ్ దగ్గర చీలతాయి. టర్బోకి ముందు లీకైతే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పడిపోయి నల్లపొగ కూడా.

జవాబు: ముందు మ్యానిఫోల్డ్ విప్పి చూడండి. స్టడ్లకి (దాన్ని ఇంజిన్‌కి పట్టి ఉంచే మరలకి) రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి నానబెట్టండి. నట్టు రాకపోతే గుంజొద్దు, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయండి. స్టడ్ విరిగి కొంచెం బయటికి మిగిలితే దానిమీద నట్టు వెల్డ్ చేసి తిప్పొచ్చు. లోపలికే విరిగితే డ్రిల్లింగే, చాకిరీ. మ్యానిఫోల్డ్ ముఖానికి స్టీల్ స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చండి. వంకరుంటే లేత్ షాపులో ఫేసింగ్ (ముఖం చదును చేయించడం). పగులుంటే కొత్తదే, పోత ఇనుము వెల్డింగ్‌ని నమ్మలేం.

జవాబు: గ్యాస్కెట్ (మ్యానిఫోల్డ్‌కీ ఇంజిన్‌కీ మధ్య వేసే సీలు) కొత్తదే వేయండి. సిలికాన్ పూస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ వేడికి కాలిపోద్ది. మధ్య నట్ల నుంచి చివరలకి, మూడు విడతల్లో, బండి మాన్యువల్ పుస్తకంలో చెప్పిన టార్క్‌కి (బిగింపు కొలతకి) బిగించాలి. టర్బో ఆయిల్ పైపు రాగి వాషర్లు కూడా మార్చండి, మర్చిపోతారు.