ఆర్‌ఎక్స్ 100 చాసిస్ నంబర్‌లో ఒక అంకె మీద అనుమానం

అనంతపురంలో 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి చూశాను. ఏపీ 02 రిజిస్ట్రేషన్, అమ్మే ఆయన రెండో ఓనర్, 85 వేలు చెబుతున్నాడు. ఇంజిన్ నంబర్ ఆర్‌సీతో కలిసింది. ఇబ్బందంతా హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీదున్న చాసిస్ నంబర్‌తోనే. చివరి నుంచి రెండో అంకె ఆర్‌సీలో 3, బండి మీద 8లా కనిపిస్తోంది.

కిరసనాయిలుతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది మూడుసార్లు అచ్చు తీశాను. మిగతా అంకెలన్నీ ఒకే లోతు, ఒకే వరస. ఇదొక్కటే కాస్త లోతుగా, పక్కకు వాలినట్టుంది. దాని చుట్టూ మాత్రమే పెయింట్ కొత్తగా ఉంది, నా టెన్షన్ అదే. బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో చివరి అంకెలు దాచి చూపిస్తోంది. పాత ఆర్‌సీ చేత్తో రాసింది, అప్పుడే తప్పు పడిందని అమ్మే ఆయన అంటున్నాడు. అదీ జరిగే పనే. ఇద్దరు మెకానిక్‌లకు చూపిస్తే ఒకరు ఒరిజినలే అన్నారు, ఇంకొకరు వద్దన్నారు.

1996లో తయారీ ఆగిపోయిన బండి, ఇంత శుభ్రంగా ఉన్నది మళ్లీ దొరకడం కష్టం. కానీ దొంగ బండి ఫ్రేమైతే డబ్బూ బండీ రెండూ పోతాయి. ఆదివారం అడ్వాన్స్ ఇవ్వాలి.

ఆ అంకె కంపెనీలో కొట్టిందేనా, తర్వాత ఎవరైనా మళ్లీ పంచ్ చేశారా అన్నది పెయింట్ గీకకుండా ఎలా తేల్చుకోవాలి?