స్వింగ్‌ని ‘ఊపు’ అంటే, హిట్‌ని ఏమనాలి?

అడిగినవారు (సబ్‌టైటిళ్ల పని చేస్తాను, హైదరాబాద్): అందరికీ నమస్కారం. గోల్ఫ్ పాఠాల వీడియోలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. అందులో కోచ్ పదేపదే ఒక మాట చెబుతాడు: ఆడేవాళ్లలో హిట్టర్లు వేరు, స్వింగర్లు వేరు, ఎవరి పద్ధతి వారిది, రెండూ కలిపితే రెంటికీ చెడతారు అని. నేను ‘కొట్టేవాళ్లు, ఊపేవాళ్లు’ అని రాశాను. రాశాక నాకే నవ్వొచ్చింది. ఇద్దరూ బంతిని కొట్టేవాళ్లేగా! స్వింగ్ అని అలాగే ఉంచుదామంటే మనవాళ్లకు క్రికెట్‌లో బంతి గాలిలో వంపు తిరగడమే గుర్తొస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు (గోల్కొండ నయా ఖిల్లా గోల్ఫ్ కోర్సులో ఆదివారాలు ఆడతాను): మేడమ్, ముందు తేడా ఏమిటో చెప్తాను, మాట సంగతి మీరు చూసుకోండి. కుడిచేతి వాటం మనిషి అనుకోండి. కర్ర పైకెత్తినప్పుడు కుడి మోచేయి మడతపడి ఉంటుంది. హిట్టర్ ఆ మడత విప్పుతూ కర్రను పక్కనుంచి నెడతాడు. ఆ నెట్టుడు కుడి చూపుడువేలు కర్రకు ఆనినచోట తెలుస్తుంది. స్వింగర్ నెట్టడు. ఒళ్లు తిరుగుతుంటే ఎడమచేయి కర్ర పిడిని లాక్కుంటూ వస్తుంది, మణికట్లు తలుపు బందుల్లా వదులుగా ఉంటాయి, కర్ర తల, అంటే బంతిని తాకే కొస, వెనకే ఈడ్చుకుంటూ వచ్చి చివర్లో దానంతట అదే బయటికి విచ్చుకుంటుంది. ఈ రెంటినీ ఇంత పట్టుగా విడదీసినవాడు హోమర్ కెల్లీ అనే అమెరికన్. బోయింగ్‌లో పనిచేసేవాడు, 1969లో పుస్తకం వేశాడు. చదివితే గోల్ఫ్ పుస్తకంలా ఉండదు, యంత్రం రిపేరు పుస్తకంలా ఉంటుంది.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు): ‘కొట్టడం’ ఎందుకు కుదరదో నేను చెబుతాను. కర్ర తల బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. పెద్ద టోర్నమెంట్లు ఆడే మగవాళ్ల చేతిలో డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడవాటి కర్ర) తల గంటకు 180 కిలోమీటర్లు దాటి వస్తుంది. అంత వేగంలో కూడా ఆ కాస్త సమయంలో అది కదిలేది రెండు సెంటీమీటర్ల చిల్లర. ఆ క్షణంలో నువ్వు ఎంత పళ్లు బిగించి నెట్టినా బంతికి ఒరిగేదేమీ లేదు. బంతి దృష్టిలో హిట్టరూ లేడు, స్వింగరూ లేడు, వచ్చి తగిలిన తల వేగం, దిశ, దాని ముఖం ఎటు చూస్తోంది, అంతే. తేడా అంతా తాకక ముందు, ఆ వేగం ఎలా పుట్టిందన్న దగ్గర. మన ‘కొట్టు’ తాకడాన్ని చెప్పే మాట. టెంకాయ కొట్టినా, గంట కొట్టినా ఆఖరి క్షణమే దాని అర్థం. అందుకే అది ఇద్దరికీ వర్తిస్తుంది, ఎవరినీ విడదీయదు.

జవాబు (తెనాలి): మాస్టారూ, ‘ఈల కొట్టడం’లో ఏం తాకింది?

జవాబు (మాస్టారు): చెవులు.

జవాబు (వ్యాకరణం పిచ్చి ఉన్నవాణ్ణి, రాజమండ్రి): ‘ఊపు’ మంచి మాటే గానీ అందులో ఒక చిక్కుంది. క్రియగా అది ‘ఊగు’కు జత. ఆగు–ఆపు, తిరుగు–తిప్పు, ఊగు–ఊపు. ఇంగ్లిష్‌వాళ్లకు రెంటికీ ఒకటే మాట, మనకు రెండున్నాయి. పైన గోల్కొండ మిత్రులు చెప్పింది చూస్తే స్వింగర్ పిడిని లాగుతాడు, తల దానంతట అది వస్తుంది. అంటే చేతులు ఊపుతాయి, కర్ర ఊగుతుంది. ఇంగ్లిష్ కోచ్‌లు గంటసేపు చెప్పేది మన ధాతువుల్లోనే ఉంది. ఇక చిక్కు: నామవాచకంగా ‘ఊపు’ అంటే జోరు. ‘మంచి ఊపు మీదున్నాడు’, ‘పనులు ఊపందుకున్నాయి’ అంటాం. ‘ఊపుతో కొట్టు’ అని సబ్‌టైటిల్ వేస్తే చూసేవాడు బలమంతా పెట్టి బాదుతాడు. కోచ్ చెప్పేది దానికి సరిగ్గా ఉల్టా.

జవాబు (కరీంనగర్): ‘విసురు’ పెట్టరాదా? మా దిక్కు చిర్రగోనె ఆడేటప్పుడు ‘గోనె ఇసిరి కొట్టు’ అంటరు.

జవాబు (రాజమండ్రి): విసిరితే చేయి వదిలేయాలి కదండీ. రాయి విసిరాడు, వల విసిరాడు. గోల్ఫ్ కర్ర వదిలేస్తే పక్కవాడి తల పగులుతుంది.

జవాబు (కరీంనగర్): విసనకర్ర విసురుతవు, వదులుతవా? తిరగలి విసురుతరు, వదులుతరా?

జవాబు (రాజమండ్రి): ఓడిపోయాను.

జవాబు (నెల్లూరు, గృహిణిని, ఆట తెలియదు): ఆట తెలియకపోయినా పని తెలుసు. మా చిన్నప్పుడు రేవులో బట్టలు ఉతికేవాళ్లను చూస్తూ కూర్చునేదాన్ని. తడిసిన చీర మడతపెట్టి, ఒక కొస రెండు చేతులా పట్టుకుని, తలమీదుగా తెచ్చి బండకేసి బాదేవారు. తడిచీరని నెడితే ముందుకు పోదు, కూలబడుతుంది. లాగితేనే వస్తుంది. చేతులు నడుము దగ్గరకొచ్చి నెమ్మదించేసరికి చీర కొస వాటిని దాటుకుని పోయి ‘ఫట్’మనేది. మీరు చెప్పే స్వింగర్ అదేనా? నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు కంగారుగా ముందుకు తోశాను. చీర వచ్చి నా మెడకే చుట్టుకుంది, ముఖం నిండా సబ్బునీళ్లు.

జవాబు (గోల్కొండ): అమ్మా, మీరు ఎర్నెస్ట్ జోన్స్ పాఠం చెప్పేశారు! ఆయన ఇంగ్లండ్ ప్రొఫెషనల్. 1916లో మొదటి ప్రపంచ యుద్ధంలో కుడికాలు మోకాలి కింద పోయింది. ఒంటికాలి మీద నిలబడి ఆడినా బంతి బాగానే పోతుండడంతో అసలు పని చేసేది చేతులు, కర్ర తల అని తేల్చుకున్నాడు. తర్వాత అమెరికాలో పాఠాలు చెప్పేటప్పుడు జేబురుమాలు కొసకు చిన్న చాకు కట్టి ఊపి చూపించేవాడు. సమంగా ఊపితే రుమాలు బిగుతుగా గీతలా ఉంటుంది. మధ్యలో ఆత్రంగా తోశావా, రుమాలు వదులైపోయి చాకు ఎటో పోతుంది. మీ చీర మెడకు చుట్టుకున్నట్టే.

జవాబు (మాస్టారు): చేను కాపలాలో తిప్పే వడిసెల కూడా అదే లెక్క. తాడుతో లాగగలవు, తొయ్యలేవు. అయితే ఒక మాట, గోల్ఫ్ కర్ర తాడు కాదు, ఉక్కో కార్బనో. దాన్ని తొయ్యడం కుదురుతుంది. కుదురుతుంది కాబట్టే హిట్టర్ అనేవాడు ఉన్నాడు. జోన్స్‌గారి రుమాలు స్వింగ్‌ని చూపిస్తుంది గానీ హిట్ తప్పని నిరూపించదు.

అడిగినవారు: అయితే హిట్‌కు ‘పోటు’ ఎలా ఉంటుంది? ‘రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవనేల’ అంటాం కదా. అందులో బలంగా నెట్టడం ఉంది.

జవాబు (రాజమండ్రి): రోకలిని దాని నిలువునే దించుతాం. కత్తిపోటూ అంతే, పొడుగు వెంబడే దిగుతుంది. హిట్టర్ నెట్టేది కర్రకు అడ్డంగా. పోటు అంటే బిలియర్డ్స్ అనుకుంటారు.

జవాబు (తెనాలి): పైన అందరూ ‘తొయ్యడం’ అంటూనే ఉన్నారు, ఎవరూ పట్టించుకోవడం లేదు. తోయు నుంచి తోపు. తోపుడు బండి, తోపులాట. ఊపు–తోపు. ప్రాస కూడా కుదిరింది, ఇంకేం కావాలి?

జవాబు (కరీంనగర్): ‘మా కోచ్ పెద్ద తోపు’ అంటే ఇంకో అర్థం వస్తది అన్నా.

జవాబు (తెనాలి): రానీ, వినడానికి బాగుంటుంది.

జవాబు (గోల్కొండ): నిజం చెప్పాలంటే మా కోర్సులో ఎవరూ తోపూ అనరు, ఊపూ అనరు. ‘స్వింగ్ బాగుంది సార్’, ‘మరీ హిట్ చేస్తున్నారు’, అంతే. కానీ అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడు ‘లాగి వదలడం’, ‘నెట్టి కొట్టడం’ అంటే కొత్తవాళ్లకు చప్పున ఎక్కుతుంది. నేనైతే అవే వాడతాను.

అడిగినవారు: ఇలా చేశాను. పేరుగా వచ్చినచోట స్వింగ్, హిట్ అలాగే ఉంచాను. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ‘కర్రను లాగి ఊగనిచ్చేవాళ్లు, కర్రను తోసి కొట్టేవాళ్లు’ అని విడమరిచాను. ‘చేతులు ఊపాలి, కర్ర ఊగాలి’ అన్న వాక్యం ఒక చోట అచ్చం సరిపోయింది, రాజమండ్రి వారికి థాంక్స్. తోపును మాత్రం వదిలేశాను, తెనాలి వారు క్షమించాలి. ఇక రెండో వీడియోలో ‘రిలీజ్’ అని కొత్త తలనొప్పి వచ్చింది. బంతి దగ్గరకొచ్చేసరికి మణికట్లు విచ్చుకోవడాన్ని అంటాడు. ‘వదలండి’ అని రాస్తే ఎవరైనా నిజంగానే కర్ర వదిలేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (నెల్లూరు): ‘విడవండి’ అనకండి, అదీ అంతే. మా రేవులో ‘జాడించు’ అనేవారు. జాడిస్తే చీర విచ్చుకుంటుంది, చేతిలోంచి మాత్రం జారదు.