1/√2 అని వదిలేస్తే మార్కు కోయాలా?

పర్లాకిమిడి నాన్న:
మా పాప ఇక్కడే ఒడియా మీడియంలో తొమ్మిది చదువుతోంది. ఇంట్లో లెక్కలు నేనే తెలుగులో చెప్తాను. మొన్న పరీక్షలో జవాబు 1/√2 అని రాస్తే, సారు అర మార్కు కోసి పక్కన √2/2 అని రాశారు. రెండూ ఒకటే కదా అంటే "హారంలో రూట్ ఉండకూడదు" అన్నారట. ఎందుకుండకూడదు?

గుణుపురం ట్యూషన్ మాస్టారు:
కోయాల్సిందేనండీ. కాలిక్యులేటర్ లేకుండా 1ని 1.4142తో భాగించి చూడండి, చెమటలు పడతాయి. 1.4142ని 2తో భాగించడం నోటిలెక్క, 0.7071. పైగా 1/√2కి 1/√8 కలపమంటే పిల్లలు తెల్లమొహం వేస్తారు. √2/2, √2/4 అని మార్చి ఇస్తే 3√2/4 అని టక్కున చెప్తారు.

బరంపురం ఇంజినీరు:
మాస్టారూ, లెక్క మధ్యలో మార్చుకోవడం వేరు, చివరి జవాబుకి మార్కు కోయడం వేరు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో త్రికోణమితి పట్టిక చూడండి. సైన్ 45 డిగ్రీలకి 1/√2, టాన్ 30కి 1/√3 అనే అచ్చువేశారు. తొమ్మిదిలో తప్పైంది పదిలో ఒప్పా?

రూట్‌ని కిందికి దించితేనే మేలైన లెక్కలూ ఉన్నాయి. √10001 − 100 తీసుకోండి. నాలుగు దశాంశాలకి √10001 అంటే 100.0050. అందులోంచి 100 పోతే 0.0050, చేతిలో మిగిలింది రెండంకెలే. దాన్నే 1/(√10001 + 100) అని తిప్పి రాసి, 1ని అదే 200.0050తో భాగిస్తే 0.004999875 వస్తుంది.

గుణుపురం ట్యూషన్ మాస్టారు:
మరి 1/(√3 − √2) సంగతో? మూడు దశాంశాలతో కింద 0.318, భాగిస్తే 3.145. రేషనలైజ్ చేసి, అంటే పైనా కిందా √3 + √2తో గుణించి హారంలో రూట్ తీసేస్తే, మిగిలే √3 + √2 విలువ 3.146. అసలు విలువ 3.1463. నా పద్ధతే దగ్గరగా ఉంది కదా!

బరంపురం ఇంజినీరు:
ఉంది. మీ లెక్కలోనూ నా లెక్కలోనూ తంటా తెచ్చింది దగ్గరదగ్గర సంఖ్యల తీసివేతే. రూట్ పైనుందా కిందుందా అన్నది కాదు. ఇంతకీ పాపకిచ్చిన ప్రశ్నేమిటి?

పర్లాకిమిడి నాన్న:
కర్ణం 1 ఉన్న సమద్విబాహు లంబకోణ త్రిభుజంలో మిగతా భుజం ఎంత అని. అంతే.

గుణుపురం ట్యూషన్ మాస్టారు:
హారం మార్చమని అడగలేదుగా, అయితే ఆ అర మార్కు ఇచ్చేయొచ్చు. పాపకి మాత్రం 1/(√5 − 2) ఇచ్చి √5 + 2 రాబట్టించండి. అది రాకపోతే ఇంటర్‌లో ఇబ్బంది పడుతుంది.