‘మిస్సమ్మ’లో మేరీ కోపం మనకు నవ్వు తెప్పించడం వెనుక ఎవరి ప్రతిభ ఎంత?

ప్రశ్న – కౌముది

1955 జనవరి 12న విడుదలైన ‘మిస్సమ్మ’ను తెలుగు హాస్యచిత్రాలలో మొదటి వరుసలో నిలబెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. అయితే ఈ మధ్య మళ్ళీ చూసినప్పుడు నాకొక సందేహం బలంగా కలిగింది. ఈ కథలో ఉన్న సరుకంతా దుఃఖానికి సంబంధించినదే. చదువుకున్న ఇద్దరికి, అంటే క్రైస్తవ యువతి మేరీకి (సావిత్రి), రావుకు (ఎన్.టి.రామారావు), ఉద్యోగాలు లేవు; దంపతులకే ఇస్తామన్న ఉద్యోగం కోసం వారు భార్యాభర్తలుగా నటిస్తారు. మేరీని పెంచినవారు అప్పులో ఉన్నారు, అప్పిచ్చిన డేవిడ్ ఆ పిల్లనే తనకిచ్చి పెళ్ళి చేయమని పట్టుబడుతున్నాడు. ఉద్యోగమిచ్చే జమీందారు దంపతులు చిన్ననాడే తప్పిపోయిన పెద్దకూతురి పేరిట బడి పెట్టి, ఆ బడిని చూసుకుని ఊరట పొందుతున్నారు. పైగా కథానాయిక చిత్రంలో ముప్పాతిక భాగం కోపంగానే ఉంటుంది. ఇంతటి బరువైన సామగ్రి నుంచి అంత నిర్మలమైన హాస్యం ఎలా పుట్టిందో తెలుసుకోవాలని ఉంది.

నవ్వించడానికని రేలంగి, రమణారెడ్డి గార్లు ఉండనే ఉన్నారు, వారి వంతు పని వారు అద్భుతంగా చేశారు. కానీ నేను ఎక్కువగా నవ్వింది సావిత్రి, ఎన్.టి.రామారావు గార్లు ఎదురెదురుగా ఉన్న సన్నివేశాలలోనే. వారిద్దరినీ హాస్యనటులుగా ఎవరూ లెక్కించరు. వారు ముఖం వికారంగా పెట్టలేదు, మాటను వంకర తిప్పలేదు, పడలేదు, లేవలేదు. మరి ఆ నవ్వు రచనలో ఉందా, నటనలో ఉందా? మొదట భానుమతి గారిని మేరీగా పెట్టి నాలుగు రీళ్ళ వరకు చిత్రీకరించి, నిర్మాత చక్రపాణి గారితో వచ్చిన విభేదం వల్ల ఆ పాత్ర సావిత్రి గారికి ఇచ్చారన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ మార్పు జరగకపోయి ఉంటే చిత్రం ఇలాగే నవ్వించి ఉండేదా? శ్రద్ధగా చూసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం – సారంగి

కౌముది గారూ, నా అభిప్రాయంలో ఈ చిత్రం ప్రధానంగా సావిత్రి గారిది. ఆ మాట నటిగా ఆవిడ మీద ఉన్న అభిమానం కొద్దీ అనడం లేదు, మేరీ పాత్ర అడిగే పని ఎంత కష్టమైనదో గమనించి అంటున్నాను.

మేరీకి భార్యగా నటించడం ఇష్టం లేదు, చేతకాదు కూడా. అంటే సావిత్రి గారు నటన రాని ఒక మనిషిని నటించి చూపాలి, ఆ చేతకానితనం జమీందారు దంపతులకు తెలియకూడదు, మనకు మాత్రం ప్రతి క్షణం తెలుస్తూ ఉండాలి. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఆమె గొంతు ఒక తీరుగా ఉంటుంది, పెద్దవారు గుమ్మంలోకి రాగానే అదే గొంతు బలవంతంగా మెత్తబడుతుంది, కళ్ళు మాత్రం మెత్తబడవు. ఆ కళ్ళకూ గొంతుకూ మధ్య మిగిలిపోయిన తేడాలోనే నవ్వంతా ఉందని నాకనిపిస్తుంది. సాధారణంగా హాస్యసన్నివేశంలో నటులు ఎక్కడో ఒకచోట ప్రేక్షకుడికి కన్ను గీటుతారు, ఇదంతా సరదాకే సుమా అని తెలియజేస్తారు. సావిత్రి గారు చిత్రం మొత్తంలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. మేరీకి తన పరిస్థితి నిజంగానే అవమానకరం, తన విశ్వాసానికి భిన్నమైన ఆచారాల మధ్య బతకవలసి రావడం నిజంగానే ఇబ్బంది, అందుకే ఆమె కోపం కూడా నిజమైనదే. ఆ నిజాయితీ ఒక్క వీసమెత్తు తగ్గినా మనకు ఆమె గయ్యాళిగా కనిపించి ఉండేది.

అసూయ మొదలయ్యే ఘట్టాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జమీందారు కూతురు సీతకు రావు సంగీతం నేర్పడం మొదలుపెట్టినప్పుడు మేరీకి మంట పుడుతుంది, కానీ అది అసూయ అని ఆమెకు తెలియదు. తనకు సంబంధం లేని మనిషి ఎవరితో పాడితే తనకేమిటన్న వాదన ఆమె దగ్గర సిద్ధంగా ఉంది, ఆ వాదనను ఆమె పూర్తిగా నమ్ముతోంది. మనకు ముందే తెలిసిపోయిన విషయం పాత్రకు ఆఖరున తెలియడమనే ఈ ఏర్పాటు రచనలోనిదే అయినా, ఆ తెలియకపోవడాన్ని అంత స్వచ్ఛంగా పట్టి నిలపడం మాత్రం నటి చేసిన పని. తరువాత ఆమె పంతానికి అపరాధపరిశోధకుడు రాజుకు (అక్కినేని నాగేశ్వరరావు) సంగీతం చెప్పడానికి పూనుకున్నప్పుడు ఆ ముఖంలో కనిపించే విజయగర్వం చూడండి, ఎవరిని గెలిచిందో ఆమెకే తెలియదు.

ఇక భానుమతి గారి గురించి మీరడిగిన మాట. ఆవిడ హాస్యంలో ఎంత దిట్టో 1954 నాటి ‘చక్రపాణి’ చిత్రం చూసినవారికి చెప్పనక్కరలేదు. అయితే భానుమతి గారి కోపంలో సహజంగానే ఒక అధికారం ఉంటుంది, ఎదుటివాడు ఓడిపోతాడని మనకు ముందే తెలుస్తుంది. సావిత్రి గారి కోపం వెనుక ఒక భయం తొంగిచూస్తుంది. ఉద్యోగం పోతే డేవిడ్ అప్పు తీరదన్న సంగతి ఆ కోపం మధ్యలోనే ఆమెకు గుర్తుకొస్తుంది, వెంటనే తగ్గుతుంది, తగ్గినందుకు మళ్ళీ కోపం వస్తుంది. భానుమతి గారి మేరీ తప్పకుండా గొప్ప మేరీ అయి ఉండేది, కానీ అది వేరే చిత్రం.

రెండేళ్ళ తరువాత ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో మెలిగే సన్నివేశాలను సావిత్రి గారు అంత అలవోకగా చేయగలిగారంటే, ఒక మనిషిలో ఇంకొక మనిషిని దాచి చూపించే విద్య మేరీ దగ్గరే బాగా పదునెక్కి ఉంటుందని నేను నమ్ముతాను.

సమాధానం – హంసధ్వని

సారంగి గారు చెప్పినదానిలో కాదనవలసింది ఏమీ లేదు. కాకపోతే రామారావు గారి భాగం ఇంకా చెప్పుకోవలసి ఉంది, ఆయన లేకపోతే ఆ కోపానికి ఆనుకోవడానికి గోడ ఉండేది కాదు.

1951లో ‘పాతాళభైరవి’తో సాహసవీరుడిగా జనం గుండెల్లో స్థిరపడిన నటుడు, నాలుగేళ్ళు తిరగకుండా ఈ ఎమ్.టి.రావు పాత్రలో కత్తి లేకుండా, పెద్ద పెద్ద మాటలు లేకుండా, తిట్లు తింటూ నిలబడడానికి ఒప్పుకున్నారు. ఆ పాత్రలో ఆయన ముఖ్యమైన పని వినడం. మేరీ విరుచుకుపడుతున్నప్పుడు ఆయన ముఖంలో చిరునవ్వు పూర్తిగా రాదు, పూర్తిగా పోదు. ఎగతాళి చేస్తున్నట్టు కనిపిస్తే మనకు మేరీ మీద జాలి కలిగి నవ్వు ఆగిపోతుంది, బాధపడుతున్నట్టు కనిపిస్తే ఆమె మీద కోపం వస్తుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న సన్నని దారిలో ఆయన చిత్రమంతా నడిచారు. అవసరం వచ్చినప్పుడు అబద్ధాలు మాత్రం తడుముకోకుండా చెబుతాడు. మేరీ ప్రవర్తన జమీందారు ఇంట్లో వింతగా కనిపించినప్పుడల్లా దానికి సంజాయిషీ చెప్పుకునే భారం రావు మీదే పడుతుంది, ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి అల్లవలసి వస్తుంది, అల్లిన ప్రతిసారీ మేరీ ఇంకొంచెం ఇరుక్కుంటుంది. తనను కాపాడిన మాటే తనకు కొత్త చిక్కు తెచ్చిపెడుతుంటే ఆమెకు కోపం రాక ఏం చేస్తుంది?

ఆయన పాటలకు ఎ.ఎం.రాజా గారి గొంతును ఎంచుకోవడం కూడా ఈ పాత్రను మలచడంలో భాగమేనని నా భావన. ఆ మృదువైన గొంతులో సవాలు ఉండదు, పంతం ఉండదు. ‘ఆడువారి మాటలకు అర్థాలే వేరులే’ వంటి పాట మరొక గొంతులో దెప్పిపొడుపుగా వినిపించే ప్రమాదం ఉంది, ఆయన పాడితే అది ఓర్పుగల మనిషి తనకు తాను చెప్పుకునే ధైర్యంలాగా వినిపిస్తుంది. ఎస్.రాజేశ్వరరావు గారి బాణీ అందుకు ఎంత తోడ్పడిందో వేరే చెప్పాలా!

ఇక రచనా నటనా అన్న ప్రశ్నకు వస్తే, నేను రచన వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను. దీనికి మూలం రవీంద్రనాథ్ మైత్రా రాసిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చిన చక్రపాణి గారికి బెంగాలీ కథ ఆయువుపట్టు ఎక్కడుంటుందో బాగా తెలుసు. పట్టభద్రులైన దంపతులకే ఉద్యోగమన్న ఒక్క షరతు పెట్టి, అవివాహితులైన ఇద్దరు అపరిచితులను ఒకే ఇంట్లోకి చేర్చడంతో సగం పని అయిపోయింది. ఇద్దరిలో ఎవరు నిజం చెప్పినా ఇద్దరి జీతమూ పోతుంది. ఆ ఒత్తిడి ప్రతి సన్నివేశం కింద ఉండబట్టే ఎల్.వి.ప్రసాద్ గారు నటులను తొందరపెట్టకుండా, మాటకూ మాటకూ మధ్య చూపులకు తగినంత వ్యవధి ఇవ్వగలిగారు. పరిస్థితి బలహీనంగా ఉంటే ఆ ఖాళీని అల్లరితో నింపవలసి వచ్చేది.

సమాధానం – మంజీర

పెద్దవారిద్దరూ నాయికానాయకుల గురించి చెప్పారు కనుక నేను మిగిలినవారి గురించి క్లుప్తంగా రాస్తాను.

ఈ చిత్రంలో డేవిడ్‌ను మినహాయిస్తే చెడ్డవాడు లేడు. రావు, మేరీల పాలిట అసలు చిక్కు ఎస్.వి.రంగారావు, ఋష్యేంద్రమణి గార్ల మంచితనం. ఆ దంపతులు అనుమానించి నిలదీస్తే ఎదురు తిరగవచ్చు, ప్రేమగా దగ్గరకు తీస్తుంటే ఏం చేయగలరు? సీమంతం చేస్తామని వారు ఉత్సాహపడే ఘట్టంలో రంగారావు గారి ఆనందం ఎంత నిష్కపటంగా ఉంటుందంటే, మేరీ అవస్థకు నవ్వుతూనే ఆయన నొచ్చుకోకూడదని మనం కోరుకుంటాం. బకాసురుడిలా గర్జించగల గొంతును ఆయన ఇక్కడ అంత చల్లగా, అంత అమాయకంగా వాడుకోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అక్కినేని నాగేశ్వరరావు గారి నిర్ణయాన్ని కూడా మెచ్చుకోవాలి. 1953లో ‘దేవదాసు’తో విషాదనాయకుడిగా శిఖరం ఎక్కిన మనిషి, వెంటనే అదే దారిలో పోకుండా, రెండో నాయకుడి స్థాయిలో ఉన్న అపరాధపరిశోధకుడి పాత్ర తీసుకున్నారు. తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి కుడికాలి మీద పుట్టుమచ్చ ఉందన్న ఒక్క ఆధారం పట్టుకుని రాజు చేసే పరిశోధనను ఆయన అత్యంత గంభీరంగా నటించారు. ఆ పాత్ర దృష్టిలో అది లోకంలోకెల్లా ముఖ్యమైన కేసు. జమున గారి సీత కూడా అంతే, సంగీతం మీద ఆశ తప్ప మరో ఆలోచన లేని ఆ పిల్ల తన వల్ల ఎంత మంట రేగుతోందో చివరిదాకా ఎరగదు. మొదట సీత పాత్ర సావిత్రి గారికే అనుకున్నారు కాబట్టి, ఆ మార్పు వల్ల మనకు ఒక మేరీతో పాటు ఒక సీత కూడా దక్కిందని గుర్తుంచుకోవాలి.

కౌముది

ముగ్గురికీ కృతజ్ఞతలు. హంసధ్వని గారు చెప్పిన షరతు విషయం నాకు బాగా పట్టింది, ఇక ముందు ఈ చిత్రం చూసినప్పుడు ప్రతి సన్నివేశంలోనూ ఆ జీతం సంగతి గమనిస్తాను. ఇంకొక్క మాట అడగాలని ఉంది. దీన్ని అదే సమయంలో తమిళంలోనూ, తరువాత హిందీలోనూ తీశారు కదా. నటులు మారినప్పుడు ఈ హాస్యం ఏమైంది?

సమాధానం – సారంగి

తమిళంలో రామారావు గారి స్థానంలో జెమినీ గణేశన్, నాగేశ్వరరావు గారి స్థానంలో తంగవేలు నటించారు. సావిత్రి గారు రెండింటిలోనూ ఉన్నారు. ఒకే సన్నివేశాన్ని రెండు భాషలలో, ఇద్దరు వేర్వేరు నాయకుల ఎదుట చేయవలసి వచ్చినా ఆవిడ మేరీని యాంత్రికంగా మళ్ళీ అప్పజెప్పలేదు. గణేశన్ గారి నాయకుడిలో ప్రణయం పాలు ముందునుంచే కొంత ఎక్కువ, అందువల్ల అక్కడి మేరీ ఎక్కువ బిడియంగా, ఇక్కడి మేరీ ఎక్కువ పంతంగా నాకు కనిపించారు. రెండూ చూడదగినవే.

పాటలలో ఈ పంతం ఇంకా తెలుస్తుంది. తెలుగులో ‘రావోయి చందమామ’ తీసుకోండి. పింగళి గారు ఇద్దరి చేతా చంద్రుడికి ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చెప్పించారు. మార్కస్ బార్ట్‌లే గారి ఛాయాగ్రహణంలో ఆ వెన్నెల ప్రేమికుల వెన్నెలలాగే ఉంటుంది, పి.లీల, ఎ.ఎం.రాజా గార్ల గొంతులు ప్రేమగీతం పాడుతున్నట్టే కలిసిపోతాయి, మాటలు మాత్రం తగవు పడుతుంటాయి. సావిత్రి, రామారావు గార్లు ఆ తగవునే పట్టుకుని నటించారు, వెన్నెల సంగతి వెన్నెలకే వదిలేశారు. సంగీతమూ వెలుగూ ఇద్దరినీ కలుపుతుంటే ముఖాలు ఒప్పుకోకపోవడం వల్లనే ఆ పాట అన్నిసార్లు చూసినా విసుగు రాదు.

హిందీ చిత్రం ‘మిస్ మేరీ’ 1957లో వచ్చింది. దానికీ దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారే, సంగీతం హేమంత్ కుమార్, మేరీ పాత్రలో మీనాకుమారి. సీతగా జమున గారు, నాయకుడిగా జెమినీ గణేశన్ కొనసాగారు. ‘బృందావనమది అందరిదీ’ బాణీ ఆ చిత్రంలోకీ వెళ్ళి అక్కడా ఎంతో ఆదరణ పొందింది. రాజు పాత్రను కిశోర్ కుమార్ చేశారు. ఆయన స్వతహాగా నవ్వించే మనిషి కాబట్టి ఆ పాత్ర వచ్చిన ప్రతిచోటా సందడి పెరిగింది, జనానికి అది నచ్చింది కూడా. నా మట్టుకు నాకు, భూతద్దం పట్టుకుని కూడా నవ్వు ముఖం పెట్టని నాగేశ్వరరావు గారి రాజే ఈ కథకు సరిగ్గా అతికాడనిపిస్తుంది.