ఐదు వారాల గేదె దూడకు రక్తంతో పారుడు

మాది కడప జిల్లా పులివెందుల ప్రాంతం. గ్రేడెడ్ ముర్రా గేదెకు పుట్టిన ఐదు వారాల ఆడదూడ, బరువు సుమారు 40 కిలోలు, వారం నుంచి పారుకుంటున్నది. పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగింది. పదో రోజున ఏలికపాములకు పైపరజిన్ కూడా తాగించాము.

మొదట బూడిద రంగులో పలుచగా పడిన పేడ ఇప్పుడు జిగురుతో, ఎర్రని రక్తపు చారలతో వస్తున్నది. పేడ వేసేటప్పుడు దూడ తోక ఎత్తి చాలాసేపు ముక్కుతున్నది. ఉదయం కొలిస్తే 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నది కనుక జ్వరం లేనట్లే. పాలు సగమే తాగుతున్నది, కళ్లు కొంచెం లోతుకు పోయాయి. వానకు పాక నేల తడిసి ఇంకా ఆరలేదు, నా అనుమానమంతా అక్కడే.

పాలు మాన్పకుండా, పాలకూ పాలకూ నడుమ ఓఆర్ఎస్ నీళ్లు పట్టిస్తున్నాము. పశువైద్య సహాయకుడు ఇచ్చిన ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా బిళ్లలు మూడు రోజులు వేసినా రక్తం ఆగలేదు. పెద్దల మాట కాదనలేక దానిమ్మ బెరడు కషాయమూ పోశాము, దానివల్ల ఒరిగిందేమీ లేదు. పేడ నమూనా పరీక్షకు పంపాము కానీ ఫలితం రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందన్నారు.

ఈ లక్షణాలను బట్టి కాక్సిడియోసిస్‌గా (పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవుల వల్ల వచ్చే పారుడు జబ్బు) భావించి ఇప్పుడే దాని మందు ఆంప్రోలియం మొదలుపెట్టవచ్చా, లేక పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆగడమే మంచిదా?